రద్దయిన ఐదు నిమిషాలు

హేమసుందర్‌కి భయం లేదు. జాగ్రత్త మాత్రమే ఉంది. సౌదీలోని అల్ ఖర్జ్‌లో ఒక పాల ఫ్యాక్టరీకి మెయింటెనెన్స్ ఇంజనీరుగా వచ్చినప్పటి నుంచి ఈ తేడాని భార్య కామేశ్వరికి విడమరిచి చెబుతూనే ఉన్నాడు. ఫోన్లో వాతావరణం గురించి కూడా ఆయన చెడుగా మాట్లాడడు. ఒకసారి ఇసుక తుఫాను వచ్చిన రోజున తెనాలి నుంచి బావమరిది ఫోన్ చేసి, "అక్కడెలా ఉంది బావా?" అని అడిగితే, "బ్రహ్మాండంగా ఉంది, చల్లటి గాలి" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నోట్లో ఇసుక ఉంది.

అలాంటి ఇంట్లోకి 2006 ఫిబ్రవరిలో ఒక విప్లవం వచ్చింది. ఐదో తరగతి చదువుతున్న కూతురు స్నిగ్ధ దాన్ని స్కూలు బ్యాగులో పెట్టుకుని తెచ్చింది.

స్కూల్లో ఎగ్జిబిషన్. 'ప్రజలు మార్చిన చరిత్ర' అన్న అంశం మీద పిల్లలు చార్టులు చెయ్యాలి. మిగతా పిల్లల తండ్రులు తెలివైనవాళ్ళు కాబట్టి అందరి చేతా ఉప్పు సత్యాగ్రహమే ఎంచుకునేలా చేశారు. క్లాసులో ఎటు చూసినా దండి యాత్రే. స్నిగ్ధ మాత్రం ఫిలిప్పీన్స్ తీసుకుంది. ఇరవై ఏళ్ళు కుర్చీ వదలని మార్కోస్‌ని 1986లో జనం నాలుగు రోజులు రోడ్డు మీద కూర్చుని దింపేసిన కథ. దీనికంతటికీ కారణం పక్క విల్లాలో ఉండే రొలాండో. ఫ్యాక్టరీ ల్యాబ్‌లో సూపర్‌వైజర్. రోజూ హేమసుందర్ కారులోనే డ్యూటీకి వస్తాడు. అప్పట్లో మనీలాలో కాలేజీ కుర్రాడు. ట్యాంకులకి ఎదురుగా నిలబడ్డ లక్షల మందిలో ఒకడు.

"డాడీ, అంకుల్ ట్యాంకుని చేత్తో ముట్టుకున్నాడంట!"

"ముట్టుకోడం దేనికమ్మా? కాలుతుంది కూడాను," అన్నాడు హేమసుందర్.

పిల్ల అటు వెళ్ళగానే వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించాడు. "మనకి విప్లవం ఎందుకే? ఉప్పు సరిపోదా?"

"గాంధీగారు చేసింది మాత్రం పేరంటమా ఏంటండీ?" అంది కామేశ్వరి, చపాతీ తిప్పుతూ.

"ఆయన చేసింది బ్రిటిష్‌వాళ్ళ మీద. ఇక్కడెవరూ పట్టించుకోరు. ఇదట్లా కాదు. నియంత, గద్దె, దించడం... రాజుగారి దేశంలో కూర్చుని ఈ మాటలు స్కెచ్ పెన్నుతో రాస్తే ఎవడో చూస్తాడు. చూసినవాడు కఫీల్‌కి చెప్తాడు. ఆయన స్పాన్సర్‌షిప్ తీసేస్తే ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా పోతుంది. ఇఖామా పోతే మర్నాటికి మనం తెనాల్లో ఉంటాం."

"పదేళ్ళ పిల్ల చార్టుకా?"

"నాకేం భయం లేదు. జాగ్రత్త."

ఆ సాయంత్రమే వైటనర్ సీసా పట్టుకుని చార్టు ముందు కూర్చున్నాడు. 'నియంత' అన్నచోట 'సీనియర్ నాయకుడు' అని దిద్దాడు. 'ప్రజలు తిరగబడ్డారు' అన్నది 'ప్రజలు బయటికి వచ్చారు' అయింది. 'దేశం వదిలి పారిపోయాడు' దగ్గర చాలాసేపు ఆలోచించి, గల్ఫ్ ఉద్యోగం ముగించుకుని ఇంటికి పోయేవాళ్ళ గురించి అన్నట్టు, 'ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్ళాడు' అని రాశాడు. చదివిన కామేశ్వరి, "పాపం, సర్వీసు బెనిఫిట్స్ వచ్చాయా?" అని అడిగింది.

స్నిగ్ధ ఏడ్చింది. అయినా ఊరుకుంది. ఎందుకంటే టీచర్ ఇంకో మాట కూడా చెప్పి పంపింది. రొలాండో అంకుల్‌ని ఎగ్జిబిషన్‌కి తీసుకొస్తే ఆయన చార్టు పక్కన నిలబడి ఐదు నిమిషాలు మాట్లాడొచ్చు. చార్టులో ఏముంటే ఏం, మనిషే వస్తున్నప్పుడు.

"తీసుకొస్తారు కదా డాడీ?"

"తప్పకుండా," అన్నాడు హేమసుందర్.

కుదరదు అనడం ఆయన ఇంటావంటా లేదు. ముందు సరే అనడం, ఆ తర్వాత అది జరక్కుండా చూసుకోవడం ఆయన పద్ధతి. అపార్ట్‌మెంట్ కమిటీలూ, చుట్టాల పెళ్ళిళ్ళూ, చిట్టీపాటలూ అన్నింటినీ అలాగే దాటుకుంటూ వచ్చాడు.

రొలాండో మాత్రం కారులో ఆ మాట వినగానే కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. వాళ్ళిద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు. ఫిలిప్పీన్స్ అలవాటు ప్రకారం ఆయన హేమసుందర్‌ని 'ఇంజనీర్' అని పిలుస్తాడు.

"ఇన్నేళ్ళలో నన్ను దాని గురించి అడిగింది మీ అమ్మాయొక్కతే, ఇంజనీర్. మా పిల్లలు కూడా అడగలేదు."

"గ్రేట్, గ్రేట్," అన్నాడు హేమసుందర్, గేరు మారుస్తూ.

ఎగ్జిబిషన్ గురువారం పొద్దున, అక్కడ అది వారాంతపు సెలవు. చార్టులు అతికించాలని స్నిగ్ధ ముందే స్నేహితురాలి వాళ్ళ వ్యానులో వెళ్ళిపోయింది. హేమసుందర్ పక్క విల్లా బెల్లు కొట్టాడు. రొలాండో అప్పటికే తయారై ఉన్నాడు. వాళ్ళ పండగలకి వేసుకునే పల్చటి తెల్లచొక్కా, ఛాతీ మీద ఎంబ్రాయిడరీ. భార్య మారిసెల్ వెనక నిలబడి కాలర్ సర్దుతోంది.

"సారీ రొలాండో. ఇప్పుడే ఫోన్ వచ్చింది. ప్రోగ్రాం క్యాన్సిల్."

రొలాండో ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. వెంటనే, "అయ్యో, పిల్ల ఎంత బాధపడుతుందో" అన్నాడు. లోపలికెళ్ళి ఎండు మామిడిముక్కల ప్యాకెట్ తెచ్చి చేతిలో పెట్టాడు. "స్నిగ్ధకి ఇవ్వండి. వాళ్ళ క్లాసుకని తెప్పించాను."

స్కూలు చేరేలోపు హేమసుందర్ ఆ ప్యాకెట్ సగం తినేశాడు. తప్పు చేసినప్పుడు ఆయనకి ఆకలెక్కువ. మిగతా సగం ఎలా ఇవ్వాలో తోచక అది కూడా తినేశాడు.

"అంకుల్ ఏరి?" అంది స్నిగ్ధ, ఆయన వెనక్కి చూస్తూ.

"అర్జెంటు డ్యూటీ పడిందమ్మా."

స్నిగ్ధ ఏడవలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. చార్టు పక్కన ఆయన కోసం వేసిన కుర్చీని తనే ఎత్తుకెళ్ళి గోడవార పెట్టి వచ్చింది.

పదకొండింటికి విద్యాశాఖ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఒంటిమీద మడమలదాకా తెల్లటి తోబ్, చేతిలో సమోసా. హేమసుందర్ వెంటనే పక్కవాళ్ళ దండి యాత్ర ముందుకి జరిగి, అది తన కూతురిదే అన్నట్టు నిలబడ్డాడు. పెద్దాయన వరసగా ఉప్పు చూసి చూసి విసుగెత్తినట్టున్నాడు, స్నిగ్ధ దగ్గర ఆగిపోయాడు. రోడ్డు నిండా జనం ఉన్న ఫోటోకేసి వంగి చూశాడు. హేమసుందర్ మనసులో సూట్‌కేసు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"నాలుగు రోజులు ఇంతమంది రోడ్డు మీదే ఉన్నారా?" అని ఇంగ్లీషులో అడిగాడు పెద్దాయన. "మరి వీళ్ళకి అన్నం ఎవరు పెట్టారు?"

స్నిగ్ధ తడబడింది. "తెలీదు సర్. మా అంకుల్ చెప్పేవారు. ఆయనకి డ్యూటీ పడింది."

"కనుక్కో. అదే అసలు సంగతి," అని ఇంకో సమోసా తీసుకుని వెళ్ళిపోయాడు. ఆయన మళ్ళీ రాలేదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. దండి యాత్ర ముందు హేమసుందర్ ఒక్కడే మిగిలాడు.

సాయంత్రం స్నిగ్ధ చెప్పులు వేసుకుంటుంటే ఆయనకి అనుమానమొచ్చింది.

"ఎక్కడికే?"

"రొలాండో అంకుల్ దగ్గరికి. అన్నం ఎవరు పెట్టారో అడగాలి."

"రేపు అడుగుదువులే. అలిసిపోయుంటాడు."

అప్పటికే ఆ పిల్ల గేటు దాటింది. హేమసుందర్ వెనకాలే పరిగెత్తాడు, ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి కామేశ్వరి చెప్పు.

మారిసెల్ తలుపు తీసింది.

"ఆంటీ, అంకుల్ డ్యూటీ నుంచి వచ్చేశారా?"

"డ్యూటీ ఏంటి? ఈరోజు సెలవు కదా. మీ ప్రోగ్రాం క్యాన్సిల్ అయిందంటే ఇంట్లోనే ఉన్నాడు."

లోపల్నించి వస్తున్న రొలాండో ఆగిపోయాడు. స్నిగ్ధని చూశాడు, గుమ్మం దగ్గర రొప్పుతున్న హేమసుందర్‌ని చూశాడు. ఆయనకి అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"అవునవును, డ్యూటీ," అన్నాడు గబగబా. "ల్యాబ్‌వాళ్ళు పిలిచారు. నువ్వు నిద్రపోతున్నావు మారిసెల్, నీకు తెలీదు."

"నిద్రేంటి? నీ చొక్కా ఇస్త్రీ చేసింది ఎవరు?"

స్నిగ్ధ తండ్రి వైపు తిరిగింది.

"క్యాన్సిల్ అని ఎవరు చెప్పారు డాడీ?"

హేమసుందర్ దగ్గర అబద్ధాలు సిద్ధంగానే ఉన్నాయి. టీచర్ ఫోన్ చేసిందనొచ్చు. రొలాండో సరిగా వినలేదనొచ్చు. అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. ఎదురుగా ఒక మనిషి తన కోసం ఇంట్లో చీవాట్లు తినడానికి కూడా సిద్ధపడి నిలబడి ఉన్నాడు.

"నేనే," అన్నాడు.

"ఎందుకు?"

"భయమేసిందమ్మా."

"ఎవరైనా తిట్టారా?"

"లేదు."

"తిడతామన్నారా?"

"లేదు."

"మరి?"

దానికి ఆయన దగ్గర నిజం కూడా లేదు.

రొలాండో కల్పించుకున్నాడు. "రా, కూర్చో. ఏదో అడగాలని వచ్చావు కదా?"

"అన్నం ఎవరు పెట్టారు అంకుల్?"

"ఓ, అదా! అమ్మలు," అని నవ్వాడు. "మొదటిరోజు నేను వెళ్ళనే లేదు, తెలుసా? కడుపునొప్పని దుప్పటి కప్పుకుని పడుకున్నా. రెండోరోజు నిజంగానే వచ్చింది. మూడోరోజు మా అమ్మ పెద్ద గిన్నెడు అన్నం వండి, రోడ్డు మీద జనానికీ ఆ సైనికులకీ ఇచ్చి రమ్మంది. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఉండాలి కదా. ఖాళీ అయ్యాక చూస్తే వెనక్కి రావడానికి సందు లేదు, అంతమంది. అక్కడున్న చాలామంది అలా వచ్చినవాళ్ళే. గిన్నె కోసం, తమ్ముణ్ణి వెతుక్కుంటూ, ఊరికే చూద్దామని."

తలెత్తి హేమసుందర్ వంక చూశాడు. "భయం అందరికీ వేస్తుంది, ఇంజనీర్."

హేమసుందర్ తలూపాడు. ఊరటనివ్వడానికి అన్న మాటే. కానీ ఎంత వెతికినా ఆ కథలో ఆయనకి చోటు కనపడలేదు. దుప్పటి కప్పుకున్న కుర్రాడు తన ఒక్కడి కోసం అబద్ధమాడాడు. తయారై నిలబడ్డ పక్కింటివాడి బెల్లు కొట్టి, విప్లవం క్యాన్సిల్ అని చెప్పి వచ్చినవాడు ఆ లక్షల్లో ఒక్కడు కూడా లేడు.

మారిసెల్ కుర్చీ చూపించింది. "ఫర్వాలేదండీ," అని చెప్పుల దగ్గరే నిలబడ్డాడు. రొలాండో గిన్నె ఎంతుండేదో చేతులతో చూపిస్తున్నాడు. ఐదు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. స్నిగ్ధ గడ్డం కింద చేతులు పెట్టుకుని వింటోంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.