పద్దెనిమిదో పెట్టె

షుయున్ రేవులో పడవ టికెట్లు ఇచ్చే పనిలో రిటైరయింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లుగా, జీతం భత్యం లేకుండా, నెలకు రెండుసార్లు నది ఒడ్డున నిలబడి ఎదుటి కొండచరియను బైనాక్యులర్స్‌తో చూస్తోంది. నిట్టనిలువు రాతిలో కొయ్యగూటాలు దిగేసి, వాటి మీద ఏనాటివాళ్లో తమవాళ్ల శవపేటికలు నిలిపారు. వాటిని దొంగలు ముట్టకుండా కనిపెట్టి, ఎన్ని ఉన్నాయో కౌంటీ ఆఫీసుకు రాసి పంపాలి. ఎప్పుడూ పదిహేడే.

ఆ ఉదయం పొగమంచు విడిచాక చూస్తే పద్దెనిమిది ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టింది. మళ్లీ అన్నే. రాతి పగులు పక్కన నల్లటి పెట్టె ఒకటి ఎక్కువగా ఉంది.

తోటి వాలంటీరు ఛిన్‌కు ఫోన్ చేసి చెప్పింది. అతను తాళ్లమీద దిగి కొండ మూలికలు ఏరేవాడు.

“కళ్లద్దాలు మార్చుకో చెల్లెమ్మా, ముసలిదానివైపోయావ్.”

“నాకంటే ఆరేళ్లు పెద్ద, నువ్వా చెప్పేది? వచ్చి చూడన్నా.”

గంటలో అతను కొండపైనుంచి తాడు మీద దిగాడు. ఫోన్‌లో అతని ఆయాసం వినిపిస్తోంది.

“ఇక్కడేం లేదే. గూటాలు ఊడిన రెండు బొక్కలున్నాయి, అంతే.”

షుయున్‌కు బైనాక్యులర్స్‌లో అతను స్పష్టంగా కనిపిస్తున్నాడు. రెండు కాళ్లూ పెట్టె మూత మీద ఆనించి నిలబడ్డాడు.

“అన్నా, కాళ్లు దేనిమీద పెట్టావ్?”

“రాతి మీద. ఏం?”

అతని కాళ్ల కింద మూత మెల్లగా పక్కకు జరిగింది.

“పైకి వచ్చెయ్. ఇప్పుడే!”

ఆ గొంతు విని ఛిన్ తాడు పట్టుకుని పైకి పాకాడు. పైకి చేరాక చూసుకుంటే కుడికాలి బూటు లేదు. నదిలో పడిందన్నాడు. ఏదీ పడలేదు. ఆమె అంతసేపూ కన్నార్పకుండా చూస్తూనే ఉంది.

ఆఫీసు అమ్మాయి పాత రికార్డులు వెతికింది. “నలభై ఏళ్ల కిందటి వరద దాకా పద్దెనిమిది ఉండేవట పిన్నీ. ఒకటి కొట్టుకుపోయింది. మీరు పదిహేడే రాయండి.”

షుయున్ తను చూసిందే రాసింది. కాగితం వెనక్కి వచ్చింది. మళ్లీ అదే పంపింది.

రెండు వారాల తర్వాత ఛిన్ కూడా ఒడ్డుకు వచ్చాడు. ఈసారి ఆమెకు పదిహేడే కనిపించాయి. గుండె తేలికపడి బైనాక్యులర్స్ అతనికిచ్చింది.

చాలాసేపు చూశాడు.

“చెల్లెమ్మా, పగులు పక్కన ఉన్నదాని మూత తెరిచే ఉందే?”

ఆమె బైనాక్యులర్స్ లాక్కుని, అతని చెయ్యి పట్టుకుని ఊరివైపు నడిపించింది. అతను మాటిమాటికీ వెనక్కి తిరుగుతూనే ఉన్నాడు. సాయంత్రం కాగితం మీద పదిహేడు అని రాసి, కాసేపు ఆలోచించి, కింద ఇంకో వరస చేర్చింది: ఛిన్‌కు కనిపించినవి పద్దెనిమిది.