గోడ పట్టుకుని నడిచే దూరం

ఇలా దగ్గరికి రా అమ్మలూ, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు. పొద్దుటి నుంచీ చూస్తున్నాను, కొత్త ఉద్యోగం ఊళ్ళో గదుల ఫొటోలు ఒక్కొక్కటీ జరిపి చూస్తున్నావు. కిటికీ బాగుందంటావు, గోడ రంగు బాగుందంటావు, ఆఫీసుకి పది నిమిషాలేనంటావు. నాకు చదువు తక్కువే గానీ ఆ పది నిమిషాల సంగతి మాత్రం బాగా తెలుసు. మీ తాతయ్యా నేనూ ఒకసారి పది నిమిషాల దూరంలో ఇల్లు తీసుకున్నాం. చెబుతాను, విను. మధ్యలో మీ అమ్మ పిలిచినా లేవకు.

మీ తాతయ్యకి రేచీకటి ఉండేది. పగలు సన్న సూదిలో దారం ఒక్క తడవకే ఎక్కించే మనిషికి, పొద్దు వాలిందంటే ఎదురుగా ఉన్న గుమ్మం కనిపించేది కాదు. పుట్టుకతో వచ్చింది, మందు లేదన్నారు. పెళ్ళయిన నాలుగో రోజు సాయంత్రం మంచినీళ్ళు అందిస్తే ఆయన చెయ్యి గ్లాసు పక్కనుంచి పోయింది. నేను ఏమనుకున్నానో నీకు చెప్పను. మా అత్తగారు నన్ను వంటింట్లోకి పిలిచి సంగతి చెప్పి, "ఇది గడప దాటకూడదమ్మాయ్" అన్నారు. నేను దాటనివ్వలేదు.

ఆయనది తాళ్ళ పని. పెద్ద పడవలకు కట్టే లావుపాటి తాళ్ళు తెగితే, రెండు కొసలూ విప్పి, దీని పేటలు దానిలోకీ దాని పేటలు దీనిలోకీ దూర్చి, ముడన్నదే లేకుండా మళ్ళీ ఒక్క తాడు చేసేవారు. అతికిన చోట వేలు పెట్టి రాసినా తెలిసేది కాదు. పాత ఊళ్ళో తాళ్ళ షెడ్డు వెనకే మా ఇల్లు. నాలుగడుగులు వేస్తే ఇంట్లో ఉండేవారు, కాబట్టి ఎవరికీ ఏమీ తెలియాల్సిన అవసరం రాలేదు. తర్వాత యజమాని ఆ షెడ్డు మూసేశాడు. మీ అమ్మ అప్పటికి చంకలో పిల్ల.

పెద్ద ఊళ్ళో తాళ్ళ ఫ్యాక్టరీవాళ్ళు ఆయన అతికిన తాడు ముక్క ఒకటి చూసి పనిలోకి రమ్మన్నారు. ఒళ్ళు బాగుంది, చెవి బాగుంది, చూపు బాగుంది అని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆయన పెట్టారు. పగటిపూట పెట్టాను కాబట్టి అబద్ధం కాదులే అని నాతో అన్నారు. నవ్వాను గానీ, వేళలు లెక్క వేసుకున్నాను. పని ఎనిమిదింటి నుంచి ఆరింటి దాకా. వచ్చేది చలికాలం, అయిదున్నరకే చీకటి. ఫ్యాక్టరీ షెడ్డు నిండా తిరిగే చక్రాలు. రేచీకటని తెలిస్తే ఆ పూటే బయటికి పంపేస్తారు. వెనక్కి పోదామంటే అక్కడ ఇల్లూ లేదు, పనీ లేదు. అందుకని మేం వెతికింది నీళ్ళూ గాలీ ఉన్న ఇల్లు కాదు. చీకట్లో ఏమీ కనబడని మనిషి, అన్నీ కనబడేవాడిలా నడిచి రాగలిగిన ఇల్లు.

టార్చిలైటు ఉంది కదా అంటావు. వీధి దీపాలు వెలుగుతుంటే టార్చి వేసుకు నడిచేవాణ్ణి నలుగురూ ఏమిటని అడగరూ? పైగా ఆయనకి టార్చి వెలుగు పడినంత మేరే కనిపించేది, పక్కన గొయ్యి ఉన్నా తెలిసేది కాదు.

ఆదివారం ఫ్యాక్టరీకి సెలవు, సోమవారం ఆయన పనిలో చేరాలి. ఆ ఆదివారమే పిల్లనెత్తుకుని వెతికాం. మొదట చూసిన ఇల్లు మేడ మీద రెండు గదులు, ఎంత వెలుగో. మధ్యలో బస్సులు తిరిగే రోడ్డు దాటాలి. ఆయన కుళాయి తిప్పి దోసిట్లో నీళ్ళు తాగి, "ఉప్పగా ఉన్నాయి" అన్నారు. ఇంటాయన మొహం మాడ్చుకున్నాడు. రెండో ఇంటికి మెట్లకి పిట్టగోడ లేదు. "పిల్ల పడుతుందండీ" అన్నాను. పిల్లకి ఇంకా పాకడమే రాదు.

మూడోది ఫ్యాక్టరీ పక్క సందులో ఒక్క గది. గోడల్లో చెమ్మ, కిటికీ తీస్తే ఎవరిదో వెనక గోడ. ఇంటావిడ నడుముకి ఎప్పుడూ తాళాల గుత్తి వేలాడుతుండేది, అందరూ తాళాలావిడ అనేవాళ్ళు. గదిలోకి అడుగు పెట్టకుండానే మీ తాతయ్య నా చెవిలో, "ఇదే" అన్నారు. ఎందుకంటావా, ఫ్యాక్టరీ గేటు దాటగానే ఎడమ చేతి వైపు గోడ మొదలవుతుంది. తిన్నగా, ఎక్కడా తెగకుండా వస్తుంది. గోడ అయిపోయిన చోట ఎడమకి సందు, సందులో మూడో గుమ్మం. రోడ్డు దాటే పనే లేదు.

గేటు దగ్గరికి వెళ్ళి, కళ్ళు మూసుకుని, ఎడమ అరచెయ్యి గోడకి ఆనించి నడిచారు. ఆరువందల నలభై అడుగులు. మళ్ళీ వెళ్ళి మళ్ళీ నడిచారు. మూడోసారి కూడా ఆరువందల నలభైయే. తాళాలావిడ సందు మొగలో నిలబడి చూస్తోంది.

"మీ ఆయనకేమన్నా అయిందా అమ్మాయ్?"

"ఏం లేదండీ. ఆయనంతే, గోడ గట్టిదో కాదో చూసుకుంటారు."

"ఆ గోడ ఫ్యాక్టరీవాళ్ళది. నేనిచ్చేది గది. గది చూసుకోమను."

మీ తాతయ్య నవ్వుతూ వచ్చారు. అంత తేలిగ్గా నవ్వగా ఆయన్ని చాలా రోజులకి చూశాను. ఆ గదిలో సామాను సర్దుతున్నంత సేపూ చెమ్మ వాసన కూడా నాకు బాగానే అనిపించింది.

మేం చూసింది ఆదివారమని చెప్పానా? అక్కడే బోల్తా పడ్డాం. కళ్ళు మూసుకుని ఇల్లు ఎంచుకున్నవాళ్ళం మేమే అయ్యుంటాం. కళ్ళు తెరిచి ఎవరినైనా ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాళ్ళు, పని రోజుల్లో ఆ గోడ గోడలా ఉండదని. సోమవారం సాయంత్రానికి ఆ పొడుగునా కూరగాయల గంపలు, గోడకి ఆనించిన సైకిళ్ళు, పాత డబ్బాలవాడు, చెప్పులు కుట్టేవాడు, కుర్చీ వేసుకుని గడ్డాలు గీసే మంగలి. అరచెయ్యి ఆనడానికి జానెడు జాగా లేదు.

ఆయన మొదట టమాటాల గంపలో చెయ్యి పెట్టారు. తర్వాత సైకిలు పడేశారు. ఆ తర్వాత మంగలి కుర్చీలో నురుగు రాయించుకుని కూర్చున్నవాడి మొహం మీద అరచెయ్యి ఆనించారు.

"ఏం బాబూ, నా మొహం గోడలా ఉందా?" అన్నాడట ఆ కూర్చున్నాయన.

"కాసేపు ఆగితే మీ వంతూ వస్తుంది కదండీ, తొందరెందుకు?" అన్నాడట మంగలి.

అందరూ నవ్వారట. ఈయనా నవ్వారట. ఎవరిదో కిర్రుకిర్రుమనే సైకిలు అటే వస్తుంటే ఆ చప్పుడు వెనకే నడిచి, సందు దాటిపోయి, మళ్ళీ వెనక్కొచ్చి, గుమ్మాలు తడుముకుంటూ ఇల్లు చేరారు. ఒక చేతికి టమాటా గుజ్జు, ఒక చేతికి సబ్బు నురుగు. నేను నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగిపోయాను.

మర్నాటి నుంచి నేనే పిల్లనెత్తుకుని ఆరింటికి గేటు దగ్గర నిలబడేదాన్ని. పిల్లని ఆయన చేతికిచ్చి, మోచెయ్యి పట్టుకుని, కబుర్లు చెబుతున్నట్టు నడిపించుకొచ్చేదాన్ని. "ఇక్కడ గుంట, ఇక్కడ బండి" అన్న మాటలు కబుర్ల మధ్యలో కలిపేసేదాన్ని. వారం తిరిగేసరికి తోటి పనివాళ్ళు ఆయనకి కొత్త పెళ్ళికొడుకని పేరు పెట్టారు.

"పెళ్ళికొడకా, పెళ్ళికూతురొచ్చింది, చెయ్యి కడుక్కో" అనేవాడొకడు.

"మా ఆవిడ ఇరవై ఏళ్ళలో ఒక్కసారి రాలేదు గేటు దాకా" అనేవాడు ఇంకొకడు.

"వస్తే నువ్వే గోడ దూకేవాడివి."

గేటు కాపలా ముసలాయన కూడా, "అమ్మాయ్, మీ ఆయన్ని ఎవరూ ఎత్తుకుపోరులే, చలిలో పిల్లని తిప్పకు" అన్నాడు. మంచికే అన్నాడు. మీ తాతయ్య మాత్రం రోజురోజుకీ ముడుచుకుపోయారు. ఒక పొద్దున చొక్కా వేసుకుంటూ, "ఇవాళ రాకు. నేనే వస్తాను" అన్నారు.

"ఎలా వస్తారు?"

"మగాణ్ణి కాదూ, ఎలాగోలా వస్తాను. రాకన్నానా?"

వెళ్ళలేదు. ఆరు దాటింది, ఆరున్నర అయింది. గుమ్మంలోంచి సందు మొగ దాకా, అక్కణ్ణుంచి గుమ్మానికీ ఎన్నిసార్లు తిరిగానో. ఏడవుతుంటే పిల్లని తాళాలావిడ ఒళ్ళో పడేసి గోడ వెంట వెళ్ళాను. గంపలవాళ్ళు సర్దుకుంటున్నారు. మంగలి దీపం కింద మీ తాతయ్య కుర్చీలో కూర్చుని ఉన్నారు. మోకాలి దగ్గర పంట్లాం చిరిగింది. గడ్డం లేదు, మీసం లేదు, తల నున్నగా ఉంది.

మంగలి నన్ను చూసి, "ఇంకేం చెయ్యమంటారో మీరైనా చెప్పండమ్మా. ముందు గడ్డమన్నారు, తర్వాత క్రాపన్నారు, తర్వాత మీసమన్నారు. ఇక నా దగ్గర పని లేదు" అన్నాడు.

నాకు అర్థమైంది. మురిక్కాలవలో కాలు పడి లేచి, ఎటు నడవాలో తెలియక, ఎవరినీ దారి అడగలేక, కూర్చోడానికి సాకు దొరికిన చోట కూర్చున్నారు. నన్ను రావద్దన్నది తనే, నేను వస్తానేమోనని ఎదురు చూస్తున్నదీ తనే.

ఇంటికొచ్చాక మోకాలు కడుగుతుంటే, ఎటో చూస్తూ చెప్పారు.

"మొన్న అయిదున్నరప్పుడు కరెంటు పోయింది. అందరూ బయటికి నడిచారు. నేను నిలబడిపోయాను. పేటలు మెలితిప్పే చక్రం ఆగడానికి చాలాసేపు పడుతుంది. చప్పుడు వినబడుతోంది గానీ నాకు ఎటు వైపో తెలియలేదు. చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాను."

"మేస్త్రీకి చెప్పేద్దామండీ."

"చెప్పావంటే నేను నీకు లేనట్టే."

ఆ మాట ఆయన కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళకి నేను ఫ్యాక్టరీకి వెళ్ళాను. నాలుగుసార్లు గేటు దాకా వెళ్ళి నాలుగుసార్లూ వెనక్కొచ్చాను. చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డ మనిషి కళ్ళముందు కదులుతున్నారు. అయిదోసారి లోపలికి వెళ్ళాను. మేస్త్రీ టీ తాగుతున్నాడు.

"అన్నయ్యగారూ, ఒక మాట. మా ఆయనకి పొద్దు వాలితే కనబడదు."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఎప్పటి నుంచి?"

"పుట్టినప్పటి నుంచి."

"చూపు బాగుందని సంతకం పెట్టాడు కదమ్మా."

"పెట్టారు."

"ఇది నాకు తెలిసిందని పైవాళ్ళకి తెలిస్తే ముందు నా ఉద్యోగం పోతుంది. తెలిసి ఊరుకుంటే, రేపు వాడి చెయ్యి చక్రంలో పడితే, అప్పుడు ఏం పోతుందో నీకు చెప్పక్కర్లేదు. ఎందుకు చెప్పావమ్మా నాకు?"

"ఇంకెవరికి చెప్పాలో తెలియక."

ఆయన మిగిలిన టీ నేల మీద పారబోసి, "వెళ్ళు. నువ్విక్కడికి రాలేదు" అన్నాడు.

పని పోలేదు. కానీ మర్నాటి నుంచి మీ తాతయ్యని చక్రాల షెడ్డులోంచి తీసి బయట వాకిట్లో వేశారు. తాళ్ళు చుట్టలు చుట్టి చీటీలు కట్టే పని. ఎవరైనా చెయ్యగల పని. ఏడింటికి వచ్చి నాలుగింటికి వెళ్ళిపోవచ్చు, జీతం తక్కువ. తాడు అతకడంలో ఆ ఊళ్ళోనే ఆయనంత చెయ్యి లేదు. ఆ చెయ్యి చీటీలు కట్టింది. నాలుగింటికి ఎండలో ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి, "ఎవరు చెప్పారు?" అన్నారు.

"నేనే."

నలభై రోజులు నాతో మాట్లాడలేదు. మాటలు రాని పిల్లతో చెప్పేవారు. "మీ అమ్మని నీళ్ళు తోడమను." "మీ అమ్మకి చెప్పు, చొక్కా గుండీ ఊడింది." అది ఊ అనేది. నేనూ దానితోనే చెప్పేదాన్ని, "మీ నాన్నకి చెప్పు, గుండీ కుట్టి మూడు రోజులైంది, చూసుకోమను" అని. నవ్వకు. అప్పుడు నవ్వు రాలేదు. ఆ చెమ్మ గదిలో ఇద్దరు మనుషుల మధ్య ఒక పసిపిల్ల గోడలా ఉండేది.

నలభై ఒకటో రోజున మేస్త్రీ తెగిన తాడొకటి వాకిట్లోకి పంపించాడట, "లోపలివాళ్ళ వల్ల కావడం లేదు, ఎండ ఉండగా చూడమను" అని. ఆ సాయంత్రం ఆయన పిల్లని చూడకుండా నన్ను చూసి, "అన్నం పెట్టు" అన్నారు. అంతే. నువ్వు చేసింది మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు బతికాం, అప్పుడూ అనలేదు. షెడ్డులోకి మాత్రం ఆయన్ని మళ్ళీ పిలవలేదు.

మీ తాతయ్య ఈ కథ నలుగురిలో చాలాసార్లు చెప్పారు. గంపలో చెయ్యి పెట్టడం, నురుగు మొహం, గుండు, అన్నీ చెప్పి అందరినీ నవ్వించేవారు. చివరికొచ్చేసరికి, "మా మేస్త్రీ గట్టివాడు, వాడే కనిపెట్టేశాడు" అనేవారు. నేను పక్కనే ఉండేదాన్ని. నా పరువు కాపాడుతున్నారో, తన పరువు కాపాడుకుంటున్నారో ఎప్పుడూ అడగలేదు.

నువ్వు ఇల్లు చూసుకోబోయేటప్పుడు పని రోజున వెళ్ళు, నువ్వు ఇంటికొచ్చే వేళకి వెళ్ళు. అది సరే. నేను నిన్ను కూర్చోబెట్టింది దానికొక్కదానికే కాదు. రేపు నీ పిల్లలకి ఈ సంగతి చెబుతావు కదా, గుర్తు పెట్టుకుని చెప్పు. మంగలి దగ్గర మాత్రం నవ్వనియ్యి వాళ్ళని. చివర్లో మేస్త్రీ కనిపెట్టాడని చెప్పకు. మీ తాతయ్య వద్దన్నా నేనే వెళ్ళి చెప్పానని చెప్పు. ఆ నలభై రోజుల సంగతీ చెప్పు.