ఓర్మోన్ కొండచిలువ

తాగి తాగి కాలేయం చెడి ఓర్మోన్‌ని డిసెంబరులో రాజధాని ఆసుపత్రిలో చేర్చారు. అతనింట్లో నీళ్ల గొట్టాలు గడ్డకట్టి పగిలిపోతాయేమోనని వాళ్లక్క అనార్కుల్ తాళంచెవి తీసుకుని వెళ్లింది. సరస్సు ఒడ్డునున్న మా బాలిక్చీ ఊళ్లో చలికంటే గాలి చెడ్డది. కొండల సందులోంచి సరస్సు మీదికి దూకుతూ, దారిలో ఏ ఇంటి కిటికీ వదులుగా ఉందో చూసుకుని మరీ దూరుతుంది. ఆ ఇంట్లో పొయ్యి చల్లారి ఎన్నాళ్లయిందో తెలియదు. గొట్టాలు ఖాళీ చేసి వెళ్లిపోబోతుంటే వంటగది మూల దుప్పటి కప్పిన గాజుపెట్టె కనిపించింది. దుప్పటి ఎత్తింది. లోపల ఖానిమ్ ఉంది.

ఖానిమ్ అంటే దొరసాని. తమ్ముడు ఆ కొండచిలువకు పెట్టుకున్న పేరు. వేసవిలో సరస్సు ఒడ్డున, సెలవులకు వచ్చినవాళ్ల మెడలో దాన్ని వేసి ఫొటోలు తీయడం అతని పని. అప్పుడు దాని ఒళ్లు నూనె రాసినట్టు మెరిసేది. ఇప్పుడు వెన్నెముక కత్తి అంచులా పైకి తేలి ఉంది. చర్మం మడతలు పడి వేలాడుతోంది. కుబుసం సరిగ్గా ఊడక కళ్లమీద తెల్లటి పొరలా అంటుకుపోయింది. నీళ్లగిన్నె ఎండిపోయి ఉంది. పక్కింటివాళ్ల పొయ్యి వేడి గోడగుండా కొంచెం తగులుతుండబట్టి ప్రాణం నిలిచినట్టుంది.

అనార్కుల్‌కి పాములంటే చచ్చేంత భయం. పెట్టె ముందు చాలాసేపు నిలబడింది. చచ్చిపోయి ఉంటే బాగుండునని కూడా అనుకుంది. ఇంతలో దాని నాలుక నెమ్మదిగా బయటికొచ్చి, లోపలికి పోవడం మరిచినట్టు అక్కడే ఆగిపోయింది. ఆమె కళ్లు మూసుకుని దాన్ని రెండు చేతులతో ఎత్తింది. అంత పొడుగు ప్రాణి తడిసిన శాలువా అంత బరువు కూడా లేదు. కోటులో చుట్టుకుని ఇంటికి తెచ్చింది.

అనార్కుల్ పక్కింటి కాలియ్చా వార్త వినగానే పాలచెంబుతో వచ్చింది.

"వదినా, ఇంట్లోకి పామొస్తే మనవాళ్లేం చేస్తారు? దాని నెత్తిన నాలుగు చుక్కల పాలు చల్లి మర్యాదగా సాగనంపుతారు. ఇదిగో పాలు. చల్లు, పంపెయ్."

"ఈ మంచులోకా?"

"దాని రాత."

"అది వచ్చింది కాదే, తెచ్చుకున్నది. తెచ్చినవాడు మావాడు."

పశువుల డాక్టరు అబ్దిల్దా వచ్చి, గుమ్మంలోనే ఆగి టోపీ తీసి తల గోక్కున్నాడు. "అక్కా, నేను గొర్రెలకి మందిచ్చేవాణ్ణి. ఇందులో మెడెక్కడ అయిపోయి తోకెక్కడ మొదలవుతుందో కూడా నన్నడగొద్దు." అయినా తిరిగి వెళ్లిపోలేదు. నగరంలో జంతుప్రదర్శనశాలలో పనిచేసే స్నేహితుడికి ఫోన్ చేసి, అటునుంచి అతను చెప్పింది చెప్పినట్టు ఆమెకు వినిపించాడు.

"ఇప్పుడే మేత పెట్టొద్దంటున్నాడు. మాడిన కడుపులో ఒక్కసారి ఇంత పడేస్తే ఆ తిండే చంపుతుందట. ముందు వెచ్చన. తర్వాత నీళ్లు. మేత సంగతి ఆ తర్వాత."

"బతుకుతుందా?"

అబ్దిల్దా ఫోన్ చెవికి ఆనించుకుని కాసేపు విన్నాడు. "ఆశ పెట్టుకోవద్దంటున్నాడక్కా."

అనార్కుల్ ఆశేమీ పెట్టుకోలేదు. పని మాత్రం మొదలుపెట్టింది. పొద్దున చేపలకి పొగ పెట్టి, రోడ్డు పక్కన తీగకు వేలాడదీసి అమ్ముకుని, ఇంటికొచ్చి గోరువెచ్చని నీళ్లు కాచేది. తొట్టిలో పామును పడుకోబెట్టి, తల మునగకుండా అరచేయి కింద పెట్టేది. తడిగుడ్డతో రుద్దితే కుబుసం పేలికలు పేలికలుగా వచ్చేది. కళ్లమీద పొరలు ఊడటానికి చాలా రోజులు పట్టింది. అవి ఊడిన రోజు ఖానిమ్ ఆమెను చూసిందో లేదో గానీ, ఆమె మాత్రం మొదటిసారి దాని కళ్లలోకి చూసింది. ఆ తర్వాత భయం వేయలేదు.

పెట్టెపైన వేడి దీపం బిగించింది. ఆ చలికాలం కరెంటు కోతలు ఎక్కువ. మధ్యాహ్నం దీపం ఆరగానే పామును చొక్కాలో దోపుకుని, పైన కోటు వేసుకుని, పొయ్యి పక్కన కూర్చునేది. ఓసారి కాలియ్చా రొట్టెలు ఇవ్వడానికి వచ్చి, కోటు మెడలోంచి బయటికి చూస్తున్న తలను చూసి గుండె బాదుకుంది.

"ఓసి నీ దుంపతెగ! ఊళ్లో ఎంతమంది ముసలాళ్లు నిన్ను చేసుకుంటామన్నారు! వాళ్లందర్నీ కాదని, ఆఖరికి దీన్నా వాటేసుకున్నావ్?"

"ముసలాళ్లు గురక పెడతారు. ఇది పెట్టదు."

కాలియ్చా నవ్వలేక, తిట్టలేక, రొట్టెలు అక్కడ పెట్టి వెళ్లిపోయింది. మర్నాడు తన గడ్డివామి దగ్గర బోనులో పడి చచ్చిన ఎలుకపిల్లను తోకపట్టుకుని తెచ్చింది. "మందు పెట్టి చంపింది కాదులే, బోనులోది. మీ దొరసానికి విందు" అంది మొహం పక్కకి తిప్పుకుని.

దొరసాని ముట్టలేదు. వేడినీళ్లలో వెచ్చబెట్టి, పటకారుతో ముక్కు ముందు ఆడించినా తల తిప్పేసుకుంది. మళ్లీ తెచ్చినప్పుడూ అంతే. ఫిబ్రవరి వచ్చింది. అబ్దిల్దా చూసి, దాని వెన్ను తడిమి, టీ తాగి వెళ్లాడు. ఇక ఇది పోతుందనే అనార్కుల్ మనసు గట్టి చేసుకుంది. ఆ వారమే ఒక మధ్యాహ్నం, చేయి నొప్పి పుట్టి పటకారు దించబోతుండగా, ఖానిమ్ మెడను ఎస్ అక్షరంలా వంచి ఒక్క దూకులో ఎలుకను పట్టేసింది. పట్టు సడలిపోతూ, మళ్లీ బిగిస్తూ, చాలాసేపటికి మింగింది. అనార్కుల్ నేలమీదే కూలబడి తమ్ముడికి ఫోన్ చేసింది.

"తిందిరా!"

అటువైపు ముక్కు చీదిన చప్పుడు. "అక్కా, నన్ను తిట్టు."

"తిట్టే ఓపిక లేదు. నువ్వు తిన్నావా?"

వసంతమంతా ఖానిమ్ తిన్నది. నిదానంగా, అప్పుడప్పుడు, కానీ తిన్నది. వెన్నెముకకు రెండువైపులా కండ పట్టింది. మే నెలలో కుబుసం తల నుంచి తోకదాకా ఒక్కటిగా వచ్చింది. అనార్కుల్ చేతికి చుట్టుకుంటే వేళ్లు తిమ్మిరెక్కేవి. ఆమె దాన్ని విడిపించుకోకుండా అలాగే కూర్చునేది.

జూన్‌లో ఓర్మోన్ వచ్చాడు. మొహంలో పసుపు తగ్గింది. తాగుడు మానేశానన్నాడు. రోజూ వచ్చి గాజుపెట్టె ముందు గంటలకొద్దీ కూర్చునేవాడు.

"ఇది నీదే అక్కా ఇంక. నాకు అడిగే మొహం లేదు."

ఆమె నమ్మింది. జూలైలో ఒకరోజు చేపలు అమ్మి వచ్చేసరికి పెట్టె మూత తీసి ఉంది, లోపల ఖానిమ్ లేదు.

దొరికిన బండెక్కి, తమ్ముడు ఫొటోలు తీసే ఉత్తరపు ఒడ్డుకు వెళ్లింది. ఇసుకలో జనం కిక్కిరిసి ఉన్నారు, గాలి కూడా లేచింది. నడుములోతు నీళ్లలో నిలబడిన ఒకమ్మాయి భుజాల మీద ఖానిమ్ వేలాడుతోంది. నీళ్లోంచి లేస్తున్నట్టు ఫొటో కావాలందట. సరస్సు నీళ్లు వేసవిలోనూ ఒళ్లు కొరుకుతాయి. అనార్కుల్ బట్టలతోనే దిగి పామును లాక్కుంది. దాని నోరు కాస్త తెరుచుకుని ఉంది. అంచున నురగ. తమ్ముడి దగ్గర వోద్కా వాసన.

"ఒక్క గంటే అక్కా. సాయంత్రానికి పెట్టెలో పెట్టేసేవాణ్ణి."

ఆమె దాన్ని శాలువాలో పొదువుకుని బండెక్కింది. పక్క సీటాయన "ఏం తల్లీ, చంటిబిడ్డా?" అని తొంగిచూసి, డ్రైవరు పక్కకి మారిపోయాడు.

ఊపిరితిత్తులకు నెమ్ము చేసిందని అబ్దిల్దా సూదులు వేశాడు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఈల వేసినట్టు చప్పుడు. దీపం కింద పెట్టినా వెచ్చబడనట్టే ఉండేది. ఎలుకను చూపిస్తే నాలుక కూడా తీయలేదు. ఆగస్టులో ఒక ఉదయం చప్పుడు ఆగిపోయింది.

పెరట్లో గొయ్యి తీయడానికి ఓర్మోన్ వచ్చాడు. రాళ్లనేల, గునపం దిగలేదు. తాగి ఉన్నాడు, ఏడుస్తున్నాడు.

"తప్పంతా నాదే. కానీ నువ్వూ చేశావక్కా. నువ్వు దాన్ని అంత బాగా చేశావు కాబట్టే తీసుకెళ్లాను. ఎముకలగూడులా ఉంటే ఎవడు దిగేవాడు దాంతో ఫొటో?"

అనార్కుల్ గునపం అతని చేతిలోంచి తీసుకుంది. ఆ మాటలో నిజం ఉందనిపించింది. అదే ఆమెను ఎక్కువ బాధించింది. గొయ్యి ఆమే తవ్వింది. కాలియ్చా పిలవకుండానే వచ్చి, పాలచెంబు వంచి ఇన్ని పాలు ఆ చర్మం మీద పోసి వెళ్లిపోయింది.

సెప్టెంబరు మొదట్లో, ఇంకా కొందరు ఒడ్డున మిగిలి ఉండగా, ఓర్మోన్ గద్దపిల్లను పట్టుకొచ్చాడని ఎవరో చెప్పారు. అనార్కుల్ వెళ్లింది. కాలికి తాడు కట్టి, బోర్లించిన బకెట్ మీద కూర్చోబెట్టాడు. రెక్కలు పూర్తిగా రాలేదు. నోరు తెరిచి రొప్పుతోంది.

"దీనికివాళ ఏం పెట్టావురా?"

ఓర్మోన్ కెమెరా అద్దం చొక్కాతో తుడుస్తూ కూర్చున్నాడు. ఆమె ఇంకోసారి అడిగింది. అతను నీళ్లవైపు తిరిగి, ఒడ్డమ్మట నడుస్తున్న జంటను ఫొటోకి రమ్మని చేయి ఊపాడు.