గొంతు దాకా వీడియోలు

నేను ఒక సెల్ టవర్‌ని. ఎక్కడో కర్మాగారంలో ఇనుప ముక్కలుగా పుట్టి, సగం దూరం లారీలో, సగం దూరం మనుషుల భుజాల మీద వచ్చి ఈ గుమ్మిపుట్టు కొండ మీద నిలబడ్డాను. ఒక యజమాని ఎరుపు పూశాడు, తర్వాత కొన్నవాడు దాని మీదే తెలుపు పూశాడు. నన్నెవరూ అడగలేదు లెండి. మొదట్లో పని హాయిగా ఉండేది. తిన్నావా, బస్సు దొరికిందా, ఇంతే మాటలు. తర్వాత వీడియోలు వచ్చిపడ్డాయి. కోడి కూసినా వీడియో, కూర ఉడికినా వీడియో. మోస్తూనే ఉన్నాను.

మొన్న జాతర నాడు ప్రాణం మీదికొచ్చింది. ఇసుక వేస్తే రాలనంత జనం. థింసా నాట్యం ఆడేవాళ్ల కంటే ఫోన్లో పట్టేవాళ్లే ఎక్కువ. అందరూ ఒకేసారి పంపుతున్నారు, వెళ్లకపోతే మళ్లీ నొక్కుతున్నారు. నెట్ రావట్లేదని చెప్పడానికి కూడా వీడియోలే పెట్టిన మహానుభావులున్నారు.

సరిగ్గా అప్పుడే కింద పాకలో కొర్రా జమునకు నొప్పులు ఎక్కువయ్యాయి. బిడ్డ ఎదురుకాళ్లతో వస్తోంది. అంబులెన్సు జనంలో చిక్కుకుంది. నర్సు సుభద్ర పట్నం డాక్టరుకు వీడియో కాల్ చేసింది.

“బొమ్మ కదలట్లేదమ్మా. నీ చెయ్యి ఎక్కడుందో తెలియడం లేదు,” అన్నాడాయన.

విశాఖలో కూర్చుని నన్ను కనిపెట్టుకుని ఉండే ఇంజనీరు రెహానా, నా మీద బరువు చూసి, వీడియోలన్నిటి నాణ్యతా తగ్గించేసింది. ఏది జాతరో ఏది పురుడో ఆవిడకు కనపడదు. తెలిసిన నాకు నోరు లేదు. సుభద్ర బొమ్మ ఇంకా అలుక్కుపోయింది. నాకు భయం వేసింది.

“ఆ డప్పులేంటి, అక్కడ జాతరా? అందరి ఫోన్లూ ఆపించు, త్వరగా,” అన్నాడు డాక్టరు.

జమున పెనిమిటి బలరాం జాతర మైకు దగ్గరికి పరిగెత్తాడు. తప్పిపోయిన పిల్లల పేర్లు చదివే పెద్దాయన మైకు అందుకున్నాడు.

“ఓలమ్మలారా, నాయినలారా, ఫోన్లు కట్టీండర్రా. మన జమునకి పురుడు కష్టంగా ఉన్నాది. డాట్రుగోరు ఫోన్లోంచి సూడాల.”

కొందరు వెంటనే ఆపారు. ఆపనివాళ్ల ఫోన్లు పక్కవాళ్లే లాక్కున్నారు. నా మీద బరువు దిగింది. బొమ్మ కదిలింది.

“ఇప్పుడు కనిపిస్తోంది. లాగకు తల్లీ. నడుం దాకా దానంతట అదే రానీ. ఆఁ, పట్టుకో.”

సుభద్ర ఆయన చెప్పినట్టే చేసింది. చివరికి బిడ్డ ఏడుపు నా గుండా పోయింది. డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

బయట డప్పులు ఆగిపోయాయి. అంత జనమూ ఆపిన ఫోన్లు పట్టుకుని పాక వైపే చూస్తున్నారు. కబురు నా దగ్గరుంది, అందుకోవడానికి ఒక్క ఫోనూ తెరిచి లేదు. కబుర్లు మోయడానికే పుట్టి, కళ్లెదుటివాళ్లకు ఒక్క మాట చేర్చలేక కొయ్యబారిపోయాను.

అంతలో బలరాం పాకలోంచి బయటికొచ్చాడు. “ఆడబిడ్డర్రా. ఇద్దరూ బాగున్నారు,” అని గొంతు చించుకుని అరిచాడు.

ఆ మాట నా మీదుగా పోలేదు. ఒకరి నోటి నుంచి ఒకరికి, జాతర చివరి దాకా పోయింది.