బజర్ మోగేదాకా

మా డ్రై ఫోర్క్ ఊళ్ళోకి వచ్చే దారిలో ఒక బోర్డు ఉంటుంది. రోడియో ఛాంపియన్ వెర్ల్ హాగన్ పుట్టిన ఊరు అని దాని మీద రాసి ఉంటుంది. అది నిజమే. బోర్డు మీద చోటు చాలక రాయనిది ఏమిటంటే, వాడు ఎక్కిన గుర్రాల మీదినుంచి వాడిని దించింది నేను.

దించడం కూడా ఒక పనేనా అని నవ్వకండి. రోడియో అంటే పొగరు గుర్రాల మీద స్వారీ పోటీ. గుర్రం మీద ఎనిమిది సెకన్లు ఉంటేనే స్వారీ లెక్కకి వస్తుంది. అప్పుడు బజర్ మోగుతుంది. మోగిందని మనుషులకి తెలుస్తుంది గానీ గుర్రానికి ఎవరు చెబుతారు? అది ఎగురుతూనే ఉంటుంది. నేను నా గుర్రాన్ని దాని పక్కకి తెచ్చి ఆనిస్తాను. రౌతు నా నడుం చుట్టూ చెయ్యి వేస్తాడు. వాడి గుర్రం వాడి కిందనుంచి వెళ్ళిపోతుంది. వాడు నా వెనకగా నేలమీదికి జారతాడు. దీనికి మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. చెయ్యి చాపాల్సింది రౌతే. అదీ బజర్ మోగిన తరవాతే. ముందే నన్ను ముట్టుకుంటే ఆ స్వారీ పోయినట్టే. నా అంతట నేను వాడిని పట్టి లాగితే వాడి పరువు పోయినట్టు.

ఆ రోజుల్లో వడగళ్ళు అని ఒక బూడిదరంగు గుర్రం ఉండేది. అది ఎగరేస్తే నున్నగా గీసుకుని వచ్చిన రౌతుకి కిందపడేసరికి గడ్డం పెరిగి ఉండేది. పైన ఉన్నప్పుడు పక్క జిల్లాలో వాన పడుతోందో లేదో చూసి చెప్పమని మా రైతులు అడిగేవాళ్ళు. నమ్మకపోతే మీ ఇష్టం, ఆ వాన కబురు ఒక్కసారి కూడా తప్పలేదు. దాని మీద ఎనిమిది సెకన్లూ కూర్చున్నవాడు వెర్ల్ ఒక్కడే. నేను దించాక టోపీ దులుపుకుని నా వైపు చూసి, "ఆలస్యంగా వచ్చావురా ఆర్లో," అన్నాడు.

అదీ వాడి కృతజ్ఞత. నలభై ఏళ్ళు ఎన్నిసార్లు దించినా నేల మీద కాలు పెట్టగానే వాడి నోట్లోంచి వచ్చేది అలాంటి మాటే. "నీ కోసం చూసి చూసి కునుకు పట్టేసిందిరా" అని ఒకసారి. "మా ఆవిడకి కబురు పెడదామనుకున్నాను, ఇక్కడే కాపురం పెడతానని" అని ఇంకోసారి.

ఆ ఆవిడ పేరు నోరీన్. మా రోడియోలో గడియారం పట్టుకుని బజర్ నొక్కేది ఆవిడే. అందరి ఎనిమిది సెకన్లూ ఒక ఎత్తు, తనవి ఒక ఎత్తు అని వెర్ల్ ఏడ్చేవాడు. "నా మీద కోపం ఉన్న రోజున పన్నెండు లెక్కపెడుతుందిరా," అనేవాడు. నోరీన్ ఆ మాట కాదనేది కాదు.

మా ఆవిడ లీలా చనిపోయిన శీతాకాలం సంగతి కూడా చెప్పాలి. నేను ఇంట్లోంచి బయటికి రావడం మానేశాను. వెర్ల్ ప్రతి పొద్దున్నా మంచులో ట్రక్కు వేసుకుని వచ్చేవాడు. ఒక్క ఓదార్పు మాట అనలేదు. "ఈ గుర్రం నీ చేత తప్ప నాడాలు కొట్టించుకోనంటోంది. నేనేం చెయ్యను, దాని బుద్ధి అంత," అనేవాడు. ఆ గుర్రం పసిపిల్ల చేతికైనా డెక్క ఇచ్చే రకం. నా కాఫీ తాగి, ఇది గుర్రానికి పట్టినా చచ్చిపోతుందని తిట్టి వెళ్ళిపోయేవాడు. మర్నాడు మళ్ళీ ఇంకో గుర్రంతో దిగేవాడు. వాడి మందలో అన్ని గుర్రాలు లేవని, తెచ్చినవాటినే తిప్పి తిప్పి తెస్తున్నాడని నాకు తెలిసేసరికి వసంతం వచ్చేసింది. నాడాలు అరిగేదాకా కూడా ఆగలేదు, పాపం ఆ గుర్రాలు.

ఇప్పుడు అసలు కథ. మా రోడియోకి నూరేళ్ళు నిండాయి. జెండా పట్టుకుని ముందు స్వారీ చెయ్యమని కమిటీవాళ్ళు వెర్ల్‌ని అడిగారు. వాడు రానన్నాడు. గర్వం అన్నారు కొందరు. గర్వమే, కానీ వాళ్ళనుకున్న గర్వం కాదు. వాడి ఎడమ తుంటి పాడైపోయింది. దిమ్మ మీదినుంచి జీనులోకి ఎలాగో చేరుకుంటాడు. చేరాక అది బిగుసుకుపోతుంది. దింపాలంటే ముగ్గురు కలిసి గడ్డిమోపును లాగినట్టు లాగాలి. ఎక్కడ లాగినా నలుగురు చూస్తారు. ఊరి జనం కళ్ళముందు తనని మూటలా కిందికి దించితే ఇంక బతికి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అనుకున్నాడు. ఆ మాట నాతో పైకి అనలేదు. అనక్కర్లేదు.

"దిగకుండా అలాగే ఇంటికి పోయి మంచం మీదికి ఒరిగిపో," అన్నాను.

"నోరీన్ గుర్రాన్ని పడగ్గదిలోకి రానివ్వదురా. అడిగి చూశాను," అన్నాడు.

ఇద్దరం కంచె మీద చేతులు వేసుకుని వాడి ఎర్ర ఆడగుర్రాన్ని చూస్తున్నాం. అప్పుడు నేను, "నిన్ను ఎవరూ లాగకుండా దించేవాడు ఒకడున్నాడు కదరా," అన్నాను.

వాడు నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "ఆ నడుం ఇంకా ఉందా?"

"చుట్టుకొలత పెరిగింది. పట్టు దొరకదనే భయం లేదు."

వాళ్ళ పశువుల దొడ్డి వెనక గడ్డి పరిచి సాధన మొదలుపెట్టాం. మొదటిసారి ఇద్దరం కలిసి గడ్డిలో పడ్డాం. రెండు గుర్రాలూ ఆగి వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాయి. వాటి మొహాల్లో ఉన్నంత జాలి నేను మా పాస్టరు మొహంలో కూడా చూడలేదు. వంటింటి కిటికీలోంచి నోరీన్ చూసేసింది. పిండి చేతులతోనే వచ్చింది.

"ఏమయ్యా ఆర్లో, ఆయనకైతే బుద్ధి లేదని తెలుసు. నీకేమైంది?"

"నాకూ లేదని ఇన్నాళ్ళకి తెలిసిందా అమ్మా?"

"ఆ తుంటి విరిగితే మళ్ళీ అతకదు. డాక్టరు చెప్పాడు. జనం చూస్తారని ఈయన భయం. నాకు కనబడేది ఒక్క ఈయనే." ఆవిడ వెనక్కి తిరిగింది. "ఆ రోజు నేను రాను. చూడలేను," అని లోపలికి వెళ్ళిపోయింది.

వెర్ల్ గడ్డి దులుపుకుంటూ, "ఇంకోసారి పట్టు," అన్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. స్టాండ్లు నిండిపోయాయి. ఎర్ర గుర్రం మీద వెర్ల్ జెండా పట్టుకుని బరిలోకి వచ్చాడు. వీపు నిటారుగా, మోకాళ్ళు వదులుగా, పాత వెర్లే. కింద నడిచేటప్పుడు కర్ర పట్టుకునే మనిషని ఎవరూ అనుకోరు. జాతీయ గీతం అయిపోయింది. జెండాని పక్కనున్న అమ్మాయికి అందించి, అనుకున్నట్టే కంచె వెంట నెమ్మదిగా పరుగు మొదలుపెట్టాడు. నేను నా గుర్రాన్ని తోలి వాడి పక్కకి చేర్చాను. మోకాలికి మోకాలు తగిలింది. నడుం ఇటు వంచాను.

వాడు చెయ్యి వెయ్యలేదు.

చుట్టు పూర్తయింది. ఇంకో చుట్టు మొదలైంది. వాడి కళ్ళు గుర్రం చెవుల మధ్యనుంచి ముందుకే చూస్తున్నాయి. తుంటితో పాటు చెయ్యి కూడా బిగుసుకుపోయిందేమో అనుకున్నాను. పట్టి లాగుదామా అంటే అది వాడి పరువు. వదిలేద్దామా అంటే వాడు ఎంతసేపని కూర్చోగలడు? గుర్రం అలిసిపోతోంది. జనం చప్పట్లు ఆపి చూస్తున్నారు.

"ఒరేయ్, పట్టుకో," అన్నాను.

"బజర్ ఏదిరా?" అన్నాడు.

గడ్డిలో అన్నీ సాధన చేశాం. ఇద్దరం ఇన్నేళ్ళు చేసిన పనిలో బజర్ అన్నది మా చేతిలోది కాదు గనక దాని సంగతే ఎవరికీ తట్టలేదు. బజర్ మోగకుండా నన్ను ముట్టుకోవడం వాడి ఒంట్లో లేదు.

"ఇది పోటీ కాదురా వెర్ల్."

"నాకు తెలుసు. చేతికి తెలియాలి కదా."

నోట్లో వేళ్ళు పెట్టి ఈల వేద్దామనుకున్నాను. కట్టుడు పళ్ళు కదిలి గాలి మాత్రమే వచ్చింది. మూడో చుట్టులో వాడి మొహం తెల్లబడింది. అప్పుడు మోగింది బజర్. బరి అంతా దద్దరిల్లేలా, పొడుగ్గా, కోపంగా. అలా నొక్కేది లోకంలో ఒక్క మనిషే.

వెర్ల్ చెయ్యి నా నడుం చుట్టూ పడింది. పాత పట్టే. నా ఊపిరి ఆగిపోయింది. ఎర్ర గుర్రం వాడి కిందనుంచి జారిపోయింది. వాడు నా వెనకగా కిందికి దిగి, కుడికాలి మీద ఆని, కంచెకి వీపు చేర్చి నిలబడ్డాడు. టోపీ తీసి దులిపాడు. జనం లేచి నిలబడ్డారు. నేను గుర్రాన్ని వెనక్కి తిప్పాను.

"ఆలస్యంగా వచ్చావురా," అన్నాడు.

నేను ఏడుస్తున్నానని వాడికి కనబడకుండా నాడా చూస్తున్నట్టు వంగాను.

బజర్ గదిలోంచి నోరీన్ మెట్లు దిగి వచ్చింది. రానన్న మనిషి పొద్దున్నే వచ్చి తన పాత కుర్చీలో కూర్చుందట. "రెండో చుట్టులోనే నొక్కేదాన్ని," అంది నాతో. "ఆయన మొహం చూశాను. ఇంకొక్క చుట్టు ఉండనిద్దామనిపించింది." తరవాత వాడి చంక కింద భుజం పెట్టి, "ఎంతసేపు లెక్కపెట్టానో తెలుసా నీకు?" అని అడిగింది.

"పన్నెండు కంటే ఎక్కువే," అన్నాడు వాడు.

మంచు మొదలయ్యాక వాడు ఆసుపత్రిలో చేరాడు. గుండె అన్నారు. కబురు వినగానే గడ్డకట్టిన రోడ్డు మీద ట్రక్కు ఎంత వేగంగా తోలానంటే, నా నీడ నాకంటే వెనక చేరింది. అది ఇప్పటికీ అలిసిపోయే ఉంది, ఎండలో చూడండి. లోపలికి వెళ్ళేసరికి వెర్ల్ కళ్ళు మూసుకుని ఉన్నాడు. నోరీన్ పక్కన కూర్చుని అల్లుకుంటోంది. నేను మంచం అంచున, వాడి ఎడమవైపు కూర్చున్నాను. అలవాటుగా నడుం కాస్త ఇటు వంగింది.

వాడు ఒక కన్ను తెరిచాడు. "తొందరపడ్డావురా," అన్నాడు. "ఇంకా బజర్ మోగలేదు."

వాడన్నట్టే అయింది. క్రిస్మస్ దాకా ఉన్నాడు. రోజూ వెళ్ళాను. రోజూ వాడు ఆసుపత్రి కాఫీని, నా కాఫీని పోల్చి ఏది ఎక్కువ చెడ్డదో తేల్చేవాడు. ప్రతిసారీ నాదే గెలిచింది.

ఎర్ర గుర్రాన్ని నోరీన్ నాకు తోలించింది. దానికి నా చేత తప్ప నాడాలు కొట్టించుకోవడం ఇష్టం లేదట.