గోడ బయటి తనిఖీ

దేవరకొండ కూరగాయల అంగట్లో హర్రాజు వేసే బక్కయ్యకు పేరుకు తగ్గట్టే ఒంటిమీద కండ లేదు. గొంతు మాత్రం ఖిల్లా దాకా వినబడేది. వంకాయల గంప ముందు నిలబడి “ఒకటోసారి, రెండోసారి” అన్నాడంటే బస్టాండులో కునికేవాళ్లు ఉలిక్కిపడి లేచేవాళ్లు. లోకంలో ఏ పనైనా గొంతుతోనే అవుతుందని అతని నమ్మకం. అటువంటివాడికి నిర్మల పుట్టింది. ఆ పిల్ల మాట పక్కన కూర్చున్నవాళ్లకే సరిగ్గా వినబడదు.

ఎనభై ఏడులో నిర్మలను బడిలో వేయాల్సి వచ్చింది. “మన గల్లీ సర్కారు బడే మంచిగుంటదట. హలీమా టీచర్ పిల్లలను సక్కగ చూస్కుంటదట,” అంది భార్య జానమ్మ.

“అట అంటే సరిపోతదా? బస్టాండు ఎనక ఇంకో బడి లేదా? రెండూ నేను జూసొస్త.”

చదువు రానివాడు బడిని ఏం చూస్తాడు? లోపలికి పోతే సార్లు ఏదైనా అడుగుతారేమోనని భయం. అందుకని గోడ బయటే నిలబడి విన్నాడు. గల్లీ బడిలో బోర్డు మీద సుద్దముక్క గీసిన చప్పుడే. బస్టాండు బడిలో మాత్రం ఎక్కాలు పెంకులు లేచిపోయేలా మోగుతున్నాయి. బక్కయ్య ప్రాణం లేచొచ్చింది.

“గల్లీ బడిల అందరు పండుకున్నరే! చదువంటే బస్టాండు బడిదే. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి, ఖతం!” అని ఇంటికొచ్చి పాట కొట్టేసి, నిర్మలను అక్కడే వేశాడు.

అప్పటినుంచి అంగడికి పోతూ వస్తూ ఆ గోడ దగ్గర ఆగేవాడు. లోపలి మోతలో బిడ్డ గొంతు కూడా ఉందని మురిసిపోయేవాడు. చాయ్ దుకాణం కిష్టయ్యను పిలిచి మరీ వినిపించేవాడు.

దసరా ముందు టమాటాలు కుప్పలుగా వచ్చాయి. అరిచి అరిచి బక్కయ్య గొంతు పోయింది. పని లేక బిడ్డను తీసుకురావడానికి పోయాడు. పిలవడానికి గొంతు లేదు కనక మొదటిసారి తలుపులోంచి తొంగి చూశాడు. ఉన్న ఒక్క సారు అన్ని తరగతులనూ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఎక్కాలు అందుకోమని చెప్పి, తన రాతపనిలో మునిగిపోయాడు. పిల్లలు గొంతు చించుకుంటున్నారు. నిర్మల చివరి వరుసలో నోరు మూసుకుని కూర్చుంది.

“నువ్వెందుకు చదువుతలేవు బిడ్డా?” అని దారిలో గుసగుసగా అడిగాడు.

“గంత మోతల నేను చదవకున్నా ఎవ్వరికి తెలుస్తలేదు బాపూ. సారుకు నా పేరు గూడ తెల్వది.”

బక్కయ్యకు తన అంగడే గుర్తొచ్చింది. గంపలో పుచ్చు చూడకుండా కేకలు విని కొనేవాళ్లను చూసి అంగట్లో ఎన్నిసార్లు నవ్వాడు! ఇప్పుడు తన బిడ్డ చదువునే అట్లా కొన్నాడు. ఇన్నాళ్లూ మురిసింది ఎవరి పిల్లల గొంతులు వినో. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

మర్నాడు గల్లీ బడికి తీసుకుపోయాడు. హలీమా టీచర్ వంగి, నిర్మల నోటి దగ్గర చెవి పెట్టి పేరడిగి, లోపలికి తీసుకుపోయింది. బక్కయ్య అలవాటు కొద్దీ గోడ బయట నిలబడ్డాడు.

“ఇదేందో చెప్పు నిర్మలా,” అంది టీచర్.

బక్కయ్య గోడకు చెవి ఆనించాడు.

“అ... అమ్మ.”

సన్నగా, తడబడుతూ వచ్చిన ఆ మాట గోడ అవతల ఉన్న తండ్రికి అందింది. బక్కయ్య కళ్లు నీళ్లతో నిండాయి.

అంతలో కిష్టయ్య అటు వచ్చి, “ఏం బక్కన్నా, గీడ నిలబడ్డవేంది?” అని కేకేశాడు.

బక్కయ్య గబగబా పోయి అతని నోరు మూశాడు.

“జర మెల్లగ మాట్లాడు. మా బిడ్డ చదువుతాంది.”