ఒక్క రింగ్ చాలు

మేం చూశాం. చూడలేదని మాలో ఎవరన్నా అంటే నమ్మకండి తమ్ముళ్లారా. శుక్రవారం సెలవు, పట్టపగలు, కువైట్‌లో ఫర్వానియాలో వీధి నిండా జనం. ఎదురు బిల్డింగ్ ముందు తెల్ల వ్యాను ఆగింది. అందులోంచి ఒక ఆడమనిషిని ఒకడు మణికట్టు పట్టుకుని కిందికి లాగాడు. కాళ్లకు చెప్పుల్లేవు. తలమీద గుడ్డ జారి మొహం కప్పేసింది. "వద్దన్నా, నన్ను ఇంటికి పంపెయ్యండన్నా" అని తెలుగులోనే ఏడుస్తోంది. భాష రానివాడికైనా అర్థమయ్యే ఏడుపు. మాకు భాష కూడా వచ్చు. అయినా మెట్లెక్కేశాం.

ఎందుకంటే టీవీలో 'ఆరో చంద్రుడు' మొదలైపోతోంది. ఈ మాట చెప్పడానికి సిగ్గుతో చచ్చిపోవాలి.

లాగినవాడు అన్వర్ బాషా, రాయచోటి మనిషి. ఆ బిల్డింగ్‌లో రెండో అంతస్తులో ఉన్న మక్తబ్‌కి డ్రైవరు. మక్తబ్ అంటే ఇళ్లలో పనికి ఆడవాళ్లను తెప్పించే ఆఫీసు. ఏ మామాకైనా, అంటే ఇంటి యజమానురాలికి, పనిమనిషి నచ్చకపోతే కొన్న సరుకు వాపసు ఇచ్చినట్టు అక్కడ దింపేస్తుంది. ఇంకో ఇల్లు దొరికేదాకా గదిలో పెట్టి తాళం వేస్తారు. ఈ సంగతి మా వీధిలో తెలియనివాళ్లు లేరు. ఆమెను లోపల పెట్టి, తాళంచెవి మొలకు తగిలించుకుని, అదే అన్వర్ బాషా మా వెనకే వచ్చి చాపమీద కూర్చున్నాడు. జరిగి చోటిచ్చింది కూడా మేమే.

మేం మెట్లెక్కిన ఇల్లు పాల్‌రాజు అన్నయ్యది. పాలకొల్లు మనిషి, టాక్సీ తోలతాడు. భార్య జాయ్సీ వదిన నర్సు. వాళ్లకి డిష్ ఉంది కాబట్టి శుక్రవారం వస్తే వాళ్ల ముందుగది సినిమా హాలే. షువైఖ్ గ్యారేజీల నుంచి మెకానిక్కులు, హోటళ్లలో గిన్నెలు తోమేవాళ్లు, నాలాగా గంటల లెక్కన ఇళ్లలో పనిచేసేవాళ్లు, అందరూ అక్కడే. నా పేరు వెంకటదుర్గ. మాది కోనసీమ.

'ఆరో చంద్రుడు' మామూలు సీరియల్ కాదు. ఒక కంపెనీ కూలీలను ఓడలో ఎక్కించి, ఎక్కడో దూరాన ఒక చంద్రుడి మీద గనిలో దింపుతుంది. అక్కడ గాలి లేదు. పీల్చే గాలి కంపెనీది. తిరిగి వెళ్లే ఓడ కంపెనీది. నోరెత్తినవాడి గదికి గాలి కట్టేస్తారు. వీసా ఇచ్చిన యజమాని, ఆ కఫీల్ బీరువాలో పాస్‌పోర్టు పెట్టి బతికేవాళ్లకి ఆ గాలి సంగతి ఎవరన్నా విడమరచాలా? మా కథే ఎవడో ఆకాశంలోకి తీసుకెళ్లి తీశాడనుకునేవాళ్లం. అందులో ధరణి అనే కూలిపిల్ల అంటే మాకు ప్రాణం.

అలాగని ఊరికే చూస్తామా! షువైఖ్‌లో మెకానిక్ కుక్కుటేశ్వరరావు గారు ప్రతి వారం ఒక తగాదా తెచ్చేవాడు. "అంత దూరం పోడానికి ఏడాది పట్టింది కదండీ, మరి ఒక్కడికీ గెడ్డం పెరగలేదేంటండీ?" అనేవాడు. "అయ్యో బాబాయ్, కథ చూడవయ్యా, గెడ్డాలెందుకు నీకు?" అని మేం విరుచుకుపడేవాళ్లం. గనిలో కూలీలు కలిసి తిరగబడాలా, దొంగతనంగా ఓడెక్కి పారిపోవాలా అని వారమంతా బస్సుల్లో కూడా వాదించుకున్నాం. కలవాలనే మా అందరి తీర్పు. తీర్పులు చెప్పడంలో మమ్మల్ని మించినవాళ్లు లేరు.

అలాంటి సీరియల్‌ని ఆపేస్తామని చానెల్ వాళ్లు చెప్పారు. ఎవరూ చూడటం లేదట. ఈ శుక్రవారం గంటసేపు వేసి, ప్రేక్షకుల స్పందన రాకపోతే అదే ఆఖరట. మా గదిలో నిప్పు పడ్డట్టయింది. అప్పుడు పాల్‌రాజు అన్నయ్య ఒక ఉపాయం చెప్పాడు.

కువైట్‌లో మా మాటల్లో సగం మిస్డ్ కాల్సే. ఇంటికి ఒక రింగ్ ఇచ్చి కట్ చేస్తే బాగున్నామని. కింద నుంచి డ్రైవరు ఒక రింగ్ ఇస్తే దిగి రమ్మని. పైసా ఖర్చు లేదు. అందుకని సీరియల్ కావాలనుకునేవాళ్లంతా తన నంబరుకి ఒక్క రింగ్ ఇవ్వాలి, ఇక్కడ ఇంతమంది ఉన్నారని తను చానెల్ వాళ్లతో మాట్లాడతానన్నాడు. ఆ నంబరుని మేం కువైట్ అంతా చల్లేశాం. చర్చి దగ్గర, బస్టాపుల్లో, బకాలా కొట్ల దగ్గర. నేనైతే అబూ హలీఫాలో చెత్తడబ్బాల దగ్గర నిలబడి చెప్పాను. గుమ్మం దాటనివ్వని పనమ్మాయిలు చెత్త పారేయడానికి మాత్రం కిందికి వస్తారు. వాళ్లు నలుగురు మాట్లాడుకునే చోటు అదొక్కటే. "ఈ నంబరుకి ఒక్క రింగియ్యండి చాలు, మనోళ్లకి తెలుస్తాది" అని దొరికినవాళ్లందరికీ చెప్పాను.

ఆ శుక్రవారం ఫోను మోగుతూనే ఉంది. టీవీలో కంపెనీ వాళ్లు కూలీల గదులకు గాలి కట్టేశారు. ధరణి తలుపు మీద గుద్దుతోంది. ఇక్కడ ఫోను ఒక్క రింగ్ మోగి ఆగింది.

"ఇంకో ఓటు పడిందిరోయ్!" అని పాల్‌రాజు అన్నయ్య అరిచాడు. అందరం చప్పట్లు కొట్టాం.

మళ్లీ మోగింది. మళ్లీ చప్పట్లు. టీవీలో ధరణి గొంతు పట్టుకుని నేలమీద పడింది. జాయ్సీ వదిన కొంగుతో కళ్లు తుడుచుకుంది. అన్వర్ బాషా కూడా కళ్లు తుడుచుకున్నాడు. ఫోను మోగుతూనే ఉంది.

ప్రకటనలు వచ్చినప్పుడు కుక్కుటేశ్వరరావు గారు ఫోను తీసి చూసి మండిపడ్డాడు. "ఇదేంటండీ, ఒకే నంబరు మళ్లీ మళ్లీ? దొంగ ఓట్లండి ఇయ్యి! చానెలోళ్లకి తెలిస్తే మన పరువేం కావాలి?"

"ఎవరో అభిమానం పట్టలేక చేశారులే బాబాయ్," అన్నాను.

"అభిమానమైతే మాత్రం? పద్ధతుండాలి కదండీ!" అంటూ ఆయనే ఆ నంబరుకి ఫోన్ చేశాడు. అందరికీ వినబడాలని స్పీకరు పెట్టాడు. "ఏవమ్మా, ఒక్క రింగిస్తే చాలని చెప్పారా లేదా? ఎన్నిసార్లిస్తావు?"

అవతల నుంచి గుసగుసగా ఒక గొంతు వచ్చింది. "అన్నా... ఎత్తారా అన్నా? నా పేరు కరుణమ్మన్నా. రాజోలు. అబూ హలీఫాలో చేసేదాన్నన్నా. మామా ఇస్తిరీ పెట్టెతో చెయ్యి కాల్చేసింది. ఇక్కడ గదిలో ఏసి తాళమేసారు. రేపు ఎక్కడో ఎడారిలో పొలానికి పంపేత్తారంట. ఫోనులో డబ్బుల్లేవన్నా, మాటాడలేను, రింగే ఇయ్యగలను. నా కాడ ఉన్న తెలుగోళ్ల నంబరు ఇదొక్కటే..."

"ఎక్కడున్నావమ్మా?" అని జాయ్సీ వదిన ఫోను లాక్కుంది.

"ఊరు తెలీదక్కా. కిటికీలోంచి చూత్తే ఎదర మేడ మీద పెద్ద గొడుగులాంటి డిష్షు కనపడతంది. ఆ ఇంట్లో ఎవరో చప్పట్లు కొడతన్నారు."

 మొహాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ డిష్షు మాది. ఆ చప్పట్లు మావి. ఆమె కాపాడమని కొట్టుకున్న ప్రతిసారీ మేం కొట్టిన చప్పట్లు.

ప్రకటనలు అయిపోయి మళ్లీ సీరియల్ మొదలైంది. అప్పుడేం జరిగిందో వినండి. వెనక నుంచి ఎవరో రిమోట్ తీసుకుని సౌండు పెంచారు! ఎవరని అడగకండి. ఆ క్షణంలో గదిలో సగం మంది మనసులో ఉన్న పనే అది.

నేను లేచి వెళ్లి టీవీ కట్టేశాను.

"దుర్గా, ఇదే ఆఖరి భాగమేమో," అన్నారెవరో.

"సిగ్గులేదూ మనకి?" అన్నాను.  "బొమ్మలో పిల్లకి గాలాడకపోతే ఏడుస్తన్నాం. వీధవతల మనిషికి గాలాడకపోతే ఓటని లెక్కేసుకున్నాం. థూ మన బతుకులు!"

వెళ్లి ఆమెను విడిపిద్దామంటే వాదన మొదలైంది. పోలీసులొస్తారని ఒకరు, ఇఖామా, అదే ఇక్కడుండే పర్మిట్, కొట్టేస్తారని ఒకరు. "మక్తబోడు తలుచుకుంటే మనల్నందర్నీ రేపు విమానమెక్కించేస్తాడండి. ఇంట్లో పిల్లలున్నారండి నాకు," అన్నాడు కుక్కుటేశ్వరరావు గారు. వారమంతా ధరణి వాళ్లు కలిసి తిరగబడాలని బల్లగుద్దిన మనిషి.

"ఆ గనిలో కూలోళ్లకి లేరా బాబాయ్ పిల్లలు?" అంది జాయ్సీ వదిన. 

అందరి కళ్లూ అన్వర్ బాషా మీదికి తిరిగాయి. అతను గోడకి ఆనుకుని నేల చూస్తున్నాడు. మొలకు తాళంచెవి వేలాడుతోంది.

"నన్నేం జూస్తారప్పా?" అన్నాడు. "నేను ఈడ్చకపోతే ఇంకోడు ఈడుస్తాడు. నా పాస్‌పోర్టు మక్తబ్ ఆయప్ప కాడ ఉండాది. నేనేం జేసేది?"

"ఈడ్చుకొచ్చినప్పుడు నువ్వు ఒక్కడివే. మేం చూస్తా ఊరుకున్నాం," అన్నాడు పాల్‌రాజు అన్నయ్య. "ఆ తప్పు మా అందరిదీ. ఇప్పుడు నువ్వొక్కడివి కాదు భాయ్. ఏం చేద్దామంటావు?"

అన్వర్ బాషా తాళంచెవి మీద చెయ్యి వేసుకున్నాడు.

పాల్‌రాజు అన్నయ్య ఫోనులో మాకు ఓటేసినవాళ్లందరి నంబర్లూ ఉన్నాయి. తలా కొన్ని పంచుకుని ఫోన్లు మొదలుపెట్టాం. "సీరియల్ గురించి కాదు. మనమ్మాయిని గదిలో పెట్టారు. ఫర్వానియాలో మా వీధికి రా. ఫోను తెచ్చుకో." కొందరు పెట్టేశారు. కొందరు తిట్టారు. కానీ వచ్చారు. పక్క సందుల నుంచి నడుచుకుంటూ, షువైఖ్ నుంచి బస్సుల్లో, గ్రీజు చేతులతో, తలంటుకున్న తడి జుట్టుతో వచ్చారు. నినాదాలిస్తే లోపలేస్తారని మాకు తెలుసు. అందుకని నోరు మెదపకుండా ఫుట్‌పాత్ పొడుగునా నిలబడ్డాం. అన్వర్ బాషా కూడా దిగొచ్చి వరసలో నిలబడ్డాడు.

మక్తబ్ బోర్డు మీద ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో ఉంది. పాల్‌రాజు అన్నయ్య చెయ్యెత్తాడు. మొదటివాడు ఒక రింగ్ ఇచ్చి కట్ చేశాడు. పక్కవాడు అందుకున్నాడు. తర్వాత నేను. వరస చివరికి వచ్చేసరికి మళ్లీ మొదలు. పైన ఆఫీసులో ఫోను మోగుతోంది, ఆగుతోంది, మోగుతోంది. పనిమనుషుల కోసం ఫోన్ చేసే ఏ ఇల్లూ ఇక ఆ నంబరుకి కలవదు. కలిసింది మేమే.

మక్తబ్ నడిపే మేనేజరు, ముదీర్, కిటికీ తెరిచి బయటికి తొంగి చూశాడు. వీధి పొడుగునా మేం. చేతుల్లో ఫోన్లు. "యల్లా! పోండి! పోలీసుల్ని పిలుస్తా!" అని అరబ్బీలో, హిందీలో అరిచాడు. ఎవరూ కదల్లేదు. నా పక్కన కుక్కుటేశ్వరరావు గారు పిల్లల పేర్లు గొణుక్కుంటున్నాడు. గొణుక్కుంటూనే రింగ్ ఇస్తున్నాడు. పక్క గది కిటికీ ఊచల మధ్య నుంచి కాలిన చెయ్యొకటి బయటికొచ్చింది. మాలో చాలామంది అటు చూడలేకపోయారు.

అప్పుడు అన్వర్ బాషా వరసలోంచి బయటికొచ్చి రోడ్డు దాటాడు. మెట్లెక్కుతుంటే ముదీర్ పైనుంచి అతన్ని చూసి, తమ మనిషే కదా అని నవ్వాడు. కాసేపు అరుపులు, తలుపు చప్పుడు వినబడ్డాయి. అన్వర్ బాషా పెదవి చిట్లి రక్తం కారుతూ కిందికొచ్చాడు. అతని వెనక కరుణమ్మ ఉంది. ఈసారి అతను ఆమె చెయ్యి పట్టుకోలేదు. ఆమె తనంతట తనే నడిచింది.

జాయ్సీ వదిన ఆమె చెయ్యి చూసి పళ్లు కొరుక్కుంటూ తడిగుడ్డ చుట్టింది. పాల్‌రాజు అన్నయ్య టాక్సీ తెచ్చాడు, ఎంబసీ వాళ్ల షెల్టర్‌కి తీసుకెళ్లడానికి. ఎక్కబోతూ కరుణమ్మ నన్ను గుర్తుపట్టింది.

"చెత్తడబ్బాల కాడ నువ్వే కదమ్మా? ఒక్క రింగిత్తే సాలన్నావు. మనోళ్లకి తెలుత్తాదన్నావు." ఆ గొంతులో తిట్టు లేదు. నిజంగానే అడిగింది. "ఎన్నిచ్చానో! ఎవరికీ తెలీలేదామ్మా?"

 నా చెప్పులు తీసి ఆమె కాళ్ల దగ్గర పెట్టాను. మొహం ఎత్తలేకపోయాను.

టాక్సీ మలుపు తిరిగాక పోలీసు జీపు వచ్చింది. ముదీర్ వేలు అన్వర్ బాషా వైపు చూపించాడు. తాళంచెవి దొంగిలించాడట, తనను కొట్టాడట. అతను పారిపోలేదు. చేతులు ముందుకు చాచాడు. మేం జీపు చుట్టూ మూగాం. అందరం కలిసి చేశామని జాయ్సీ వదిన అరబ్బీలో అరుస్తోంది. ఎవరూ వినిపించుకోలేదు.

జీపులోంచి అన్వర్ బాషా అడిగాడు, "ఆఖరి భాగం ఎవురన్నా జూసినారా అప్పా?"

"ఎవరూ చూళ్లేదండి," అన్నాడు కుక్కుటేశ్వరరావు గారు, ఏడుస్తూ.

"మంచిపని జేసినారు," అన్నాడు. జీపు వెళ్లిపోయింది.

సీరియల్ ఆపేశారు. గనిలో కూలీలు ఆ తలుపు బద్దలు కొట్టారో లేదో మాకు ఈనాటికీ తెలియదు. అన్వర్ బాషాని జైల్లో పెట్టి, తర్వాత దేశం నుంచి పంపేశారు.

ఆ శుక్రవారం సాయంత్రం మాత్రం మేమెవరం ఇళ్లకు పోలేదు. టీవీ పెట్టలేదు. పాల్‌రాజు అన్నయ్య తిరిగొచ్చి, కరుణమ్మను షెల్టర్‌లో దింపానని చెప్పాడు. అన్వర్ బాషా కోసం రేపు ఎవరెవరు వెళ్లాలో మాట్లాడుకుంటున్నాం. అప్పుడు ఫోను మోగింది. ఒక్క రింగ్. ఆగిపోయింది.

ఎవరం చప్పట్లు కొట్టలేదు. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎవరో వేరే నంబరు. మళ్లీ ఒక రింగ్. ఇంకో నంబరు. ఆ నంబరు మేం కువైట్ అంతా చల్లాం కదా.

కుక్కుటేశ్వరరావు గారు ఫోను తీసుకుని తిరిగి చేశాడు.

"అమ్మా, ఎత్తామమ్మా," అన్నాడు. "ఏ ఊళ్లో ఉన్నావు? తెలీదా? ఫర్లేదు, కిటికీలోంచి చూసి ఏం కనపడతందో చెప్పమ్మా."

ఆ మాట పూర్తికాకుండానే గుమ్మం దగ్గర చెప్పుల కోసం తోపులాట మొదలైంది.